గోల్ఫ్ మైదానాల సంరక్షణ: భూదృశ్య ఎంపికలు – తీవ్ర వాతావరణం

వ్యాససంగ్రహం:

గోల్ఫ్ మైదానాల సంరక్షణ అనగానే గడ్డి కత్తిరించడం, నీరు పెట్టడం, గాలివాన తరువాత పడిన చెట్లను తొలగించడం వంటి పనులు గుర్తుకు వస్తాయి. అయితే తుఫాను, కుండపోత వాన, కరవు, మంచు, పిడుగు వంటివి మైదానానికి ఎంత నష్టం చేస్తాయన్నది చాలావరకు అవి రావడానికి ఎన్నో ఏళ్ళ ముందే నిర్ణయమై ఉంటుంది. ఏ నేలను ఎంచుకున్నారు, నీరు పోయే దారిని ఎలా ఏర్పరచారు, ఏ గడ్డిని పెంచారు, ఏ చెట్టును ఎక్కడ నాటారు అనే ఎంపికలే ఆ నిర్ణయాలు. స్కాట్లండ్ తీరంలోని లింక్స్ మైదానాలు, అమెరికాలోని ఓక్‌మాంట్, ఆగస్టా నేషనల్, పైన్‌హర్స్ట్ మైదానాల అనుభవాల ఆధారంగా ఈ విషయాన్ని వివరించడం, తెలుగు ప్రాంతాలకు అందులో అన్వయించే అంశాలను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గోల్ఫ్ మైదానం, భూదృశ్య రూపకల్పన, గరిక, డ్రైనేజీ, తుఫాను, చెట్ల ఎంపిక, నీటి పొదుపు.

1. ఉపోద్ఘాతం:

ఫుట్‌బాల్, హాకీ వంటి ఆటలకు నిర్ణీతమైన కొలతలు గల చదునైన నేల కావాలి. గోల్ఫ్‌కు అటువంటి నియమం లేదు. నేల ఎత్తుపల్లాలు, ఇసుక, నీటి గుంటలు, చెట్లు అన్నీ ఆటలో భాగమే. పద్ధెనిమిది హోల్స్ గల మైదానం సాధారణంగా వంద ఎకరాలకు పైగా విస్తరించి ఉంటుంది. ఆట మొదలుపెట్టే చోటును టీ అని, బంతి సాగవలసిన పొట్టిగడ్డి దారిని ఫెయిర్‌వే అని, దానికి ఇరువైపులా ఏపుగా ఎదగనిచ్చే గడ్డిని రఫ్ అని, ఇసుక గుంటను బంకర్ అని, చివరగా బంతిని గుంతలోకి దొర్లించే నునుపైన నేలను గ్రీన్ అని అంటారు.

వీటన్నిటిలో గ్రీన్ అత్యంత సున్నితమైనది. దాని మీది గడ్డిని దాదాపు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. ఆకు ఎంత పొట్టిగా ఉంటే మొక్క తయారుచేసుకొనే ఆహారం అంత తగ్గుతుంది. ఆ మేరకు వేరు కూడా పైపైనే ఉండిపోతుంది. అంటే ఆట కోసం గడ్డిని నిత్యం బలహీనస్థితిలో ఉంచుతూ, అదే సమయంలో ఎండకూ వానకూ చావకుండా కాపాడుకోవాలి. గోల్ఫ్ మైదాన సంరక్షణలోని మౌలికమైన వైరుధ్యం ఇదే. సాధారణ వాతావరణంలో ఈ వైరుధ్యం బయటపడదు. తీవ్ర వాతావరణం వచ్చినప్పుడే మైదానంలోని ప్రతి ఎంపికకూ పరీక్ష ఎదురవుతుంది.

2. లింక్స్: ప్రకృతి చేసిన ఎంపిక:

గోల్ఫ్ స్కాట్లండ్ తూర్పుతీరంలో రూపుదిద్దుకొంది. 1457లో స్కాట్లండ్ పార్లమెంటు ఈ ఆటను నిషేధించిందంటే అప్పటికే అది ఎంతగా వ్యాపించి ఉందో ఊహించవచ్చు. సముద్రానికీ సాగుభూమికీ నడుమ ఉండే ఇసుకదిబ్బల నేలను అక్కడ లింక్స్ అంటారు. సేద్యానికి పనికిరాని ఆ నేలలో గొర్రెలు మేసేవి. సన్నని ఫెస్క్యూ, బెంట్ జాతుల గడ్డి సహజంగా పెరిగేది. సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్స్ ఇటువంటి నేలలోనే ఏర్పడింది.

లింక్స్ నేల వాతావరణాన్ని తట్టుకోవడానికి మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, ఇసుకనేలలో వాననీరు నిలవదు. పడిన నీరు పడినట్టే ఇంకిపోతుంది. రెండవది, ఉప్పుగాలిని, పోషకాల లేమిని ఓర్చుకొన్న గడ్డి మాత్రమే అక్కడ మిగిలింది. మూడవది, గాలికి పడిపోవడానికి అక్కడ పెద్ద చెట్లే లేవు. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో సెయింట్ ఆండ్రూస్ మైదాన సంరక్షకుడుగా పనిచేసిన ఓల్డ్ టామ్ మోరిస్ గ్రీన్‌ల మీద ఇసుక చల్లే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అంటే ఇసుకనేల స్వభావాన్నే సంరక్షణ సూత్రంగా మలిచాడు. ఈ పద్ధతి నేటికీ ప్రపంచమంతటా కొనసాగుతోంది.

అయితే లింక్స్ నేలలు సైతం అన్ని ఆపదలకూ అతీతమైనవి కావు. స్కాట్లండ్‌లోని మాంట్రోజ్ తీరంలో కెరటాల కోతకు ఇసుకదిబ్బలు కరిగిపోతుండడంతో, శతాబ్దాల చరిత్ర గల అక్కడి మైదానంలో కొన్ని హోల్స్‌ను తీరం నుండి లోపలికి జరపవలసి వచ్చింది. ఇసుకదిబ్బను, దాన్ని పట్టి ఉంచే గడ్డిని కాపాడుకోవడం కూడా మైదాన సంరక్షణలో భాగమేనని ఇది తెలియజేస్తుంది.

3. నేల, నీరు: కంటికి కనిపించని ఎంపికలు:

గోల్ఫ్ తీరప్రాంతాన్ని వదిలి బంకమట్టి నేలలకు, నల్లరేగళ్ళకు, రాతినేలలకు చేరినప్పుడు ఇసుకనేల చేసే పనిని మనిషి చేయవలసి వచ్చింది. యునైటెడ్ స్టేట్స్ గోల్ఫ్ అసోసియేషన్ 1960లో గ్రీన్ నిర్మాణానికి ఒక విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం అడుగున డ్రైనేజీ గొట్టాలు, వాటిపైన సుమారు 10 సెంటీమీటర్ల గులకరాళ్ళ పొర, ఆపైన సుమారు 30 సెంటీమీటర్ల ఇసుక ప్రధానమైన మిశ్రమం ఉంటాయి.

ఈ నిర్మాణంలోని రహస్యం పొరల తేడాలో ఉంది. సన్నని రేణువుల పొర నుండి ముతక రాళ్ళ పొరలోకి నీరు వెంటనే దిగదు. పై పొర అడుగుభాగం పూర్తిగా తడిసి, బరువు మీరిన తరువాతే కిందికి జారుతుంది. అందువల్ల మామూలు రోజుల్లో వేళ్ళకు అవసరమైన తేమ పై పొరలో నిలుస్తుంది; భారీ వాన పడినప్పుడు అదనపు నీరు గొట్టాల ద్వారా బయటకు పోతుంది. ఒకే నిర్మాణం కరవుకూ వరదకూ జవాబుగా నిలవడం ఇందులోని విశేషం.

ఈ ఏర్పాటు లేనిచోట, లేదా ఉన్నా పాడైనచోట నష్టం వేగంగా జరుగుతుంది. నీరు నిలిచిన నేలలో వేళ్ళకు గాలి అందదు. వాన వెలిసిన వెంటనే తీవ్రమైన ఎండ కాస్తే, నిలిచిన నీరు వేడెక్కి గడ్డి ఉడికినట్లుగా మారి చనిపోతుంది. నేలలో తేమ ఉన్నప్పటికీ ఊపిరాడని వేళ్ళు నీటిని పీల్చలేక గడ్డి వాడిపోవడం కూడా ఉంది. చూసేవారికి అది నీటి ఎద్దడిలా కనిపిస్తుంది. మళ్ళీ నీరు పెడితే నష్టం రెట్టింపవుతుంది. గడ్డి మొదళ్ళ వద్ద పేరుకొనే ఎండుపొరను తొలగించడం, నేలకు రంధ్రాలు చేసి ఇసుక నింపడం వంటి పనులు ఆటగాళ్ళకు కొద్దిరోజులు ఇబ్బంది కలిగించినా, వానాకాలంలో గ్రీన్‌ను బతికించేవి అవే.

4. గడ్డి ఎంపిక:

మైదానాలలో వాడే గడ్డిజాతులను చలినేలల గడ్డి, వేడినేలల గడ్డి అని రెండుగా విభజిస్తారు. బెంట్, ఫెస్క్యూ, రై మొదటి వర్గానికి చెందినవి. సుమారు 15 నుండి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పెరుగుతాయి. బెర్ముడా, జోయ్‌సియా, పాస్పాలం రెండవ వర్గానివి. 27 నుండి 35 డిగ్రీల వేడి వీటికి అనుకూలం. వేడినేలల గడ్డి తక్కువ నీటితో ఎక్కువ ఎదుగుదల సాధిస్తుంది. అయితే చలికి రంగు మారి నిద్రావస్థలోకి పోతుంది.

ఇక్కడ తెలుగు పాఠకులు గమనించదగిన విషయం ఒకటి ఉంది. ప్రపంచ గోల్ఫ్ రంగంలో బెర్ముడా గడ్డిగా ప్రసిద్ధమైనది మన పొలంగట్ల మీద పెరిగే గరికే. వినాయకుని పూజలో వాడే ఈ గరికకు శాస్త్రీయనామం సైనొడాన్ డాక్టిలాన్. రైతు కలుపుగా భావించి ఎంత పీకినా కణుపుల నుండి మళ్ళీ చిగురించే దాని స్వభావమే మైదానాలకు వరమైంది. దీనిని ఆఫ్రికాకు చెందిన మరొక సైనొడాన్ జాతితో సంకరం చేసి, అమెరికాలోని జార్జియా రాష్ట్రం టిఫ్టన్‌లో రూపొందించిన రకాలు ఉష్ణమండల మైదానాలలో విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. ఉప్పునీటిని ఓర్చుకోవడంలో సముద్రతీరపు పాస్పాలం గడ్డి గరిక కంటె మెరుగైనది. అందుకే తీరంలోనూ, శుద్ధిచేసిన వాడుకనీటిని మళ్ళించే మైదానాలలోనూ దానికి ప్రాధాన్యం పెరిగింది.

నేలకూ వాతావరణానికీ నప్పని గడ్డిని పట్టుబట్టి పెంచితే ఆ లోటును నీటితోనూ మందులతోనూ పూడ్చవలసి వస్తుంది. తగిన గడ్డి లభించని కాలంలో భారతదేశంలోనూ ఆఫ్రికాలోనూ కొన్నిచోట్ల గ్రీన్‌లకు బదులు ఇసుకను నూనెతో కలిపి చదును చేసిన బ్రౌన్‌లను వాడేవారు. ఆకుపచ్చదనాన్ని వదులుకొని ఆటను నిలుపుకొన్న ఈ పద్ధతి, పరిమితిని గుర్తించిన ఎంపికకు మంచి ఉదాహరణ.

5. చెట్ల ఎంపిక:

మైదానానికి చెట్టు అందం, నీడ, ఆటకు అడ్డు, జ్ఞాపకం. అదే చెట్టు గ్రీన్‌కు ఎండను, గాలిని అందనీయదు. గడ్డికి అందవలసిన నీటిని వేళ్ళతో లాగేస్తుంది. తుఫానులో విరిగి పడుతుంది. అందువల్ల భూదృశ్య ఎంపికలలో అత్యంత వివాదాస్పదమైనది చెట్టే.

5.1. ఓక్‌మాంట్ – నాటి, నరికిన చెట్లు:

పెన్సిల్వేనియాలోని ఓక్‌మాంట్ మైదానాన్ని హెన్రీ ఫౌన్స్ 1903లో నెలకొల్పాడు. అది దాదాపు చెట్లు లేని పొలాల నేల. అక్కడి బంకమట్టి నుండి నీరు పోవడానికి తవ్విన కాలువలనే ఆయన ఆటలో అడ్డంకులుగా కూడా మలిచాడు. నీరు తీసే ఏర్పాటు, ఆట రూపకల్పన వేర్వేరు కావని ఆ కాలువలు నిరూపిస్తాయి. 20వ శతాబ్ది మధ్యకాలంలో మైదానాన్ని అందంగా తీర్చిదిద్దాలన్న ఆలోచనతో వేల చెట్లు నాటారు. అవి పెరిగేకొద్దీ గ్రీన్‌లపై నీడ, తేమ పెరిగాయి. 1990ల నుండి క్రమంగా చెట్లను తొలగించడం ప్రారంభించారు. సభ్యుల వ్యతిరేకతను ఊహించి తొలిదశలో ఈ పనిని తెల్లవారకముందే, ఆటగాళ్ళు రాకముందే ముగించేవారన్న విషయం, చెట్లతో మనుషులకు ఉండే అనుబంధం ఎంత లోతైనదో తెలుపుతుంది.

2016లో యు.ఎస్. ఓపెన్ తొలిరోజు వానలతో ఆట పలుమార్లు ఆగింది. 2025లో అదే పోటీ చివరిరోజున గంటన్నరకు పైగా వాన వల్ల విరామం వచ్చింది. రెండుసార్లూ మైదానం తేరుకొని పోటీ పూర్తయింది. ఇందులో సిబ్బంది శ్రమతో పాటు వెలుతురు, గాలి ధారాళంగా అందే తెరిపి నేలకూ పాత్ర ఉంది. అయితే ఓక్‌మాంట్ పాఠం ‘చెట్లు నరకాలి’ అన్నది కాదు. సహజంగా చెట్లు లేని నేలలో చెట్లు నాటడం ఒక ఎంపిక అని, దాని ఖర్చును మరొక తరం చెల్లించిందని మాత్రమే దాని సారాంశం.

5.2. ఆగస్టా – చెట్ల మధ్య మైదానం:

జార్జియాలోని ఆగస్టా నేషనల్ ఇందుకు భిన్నమైనది. పూర్వం మొక్కల నర్సరీగా ఉన్న భూమిలో బాబీ జోన్స్, అలిస్టర్ మెకెంజీ దీన్ని రూపొందించారు. అక్కడి ప్రతి హోల్‌కు ఒక చెట్టు పేరో మొక్క పేరో ఉంటుంది. కాబట్టి చెట్లు లేని ఆగస్టాను ఊహించలేం. ఆ గుర్తింపే దానికి వాతావరణపరమైన ముప్పును కూడా తెచ్చింది.

పదిహేడవ హోల్ వద్ద ఎడమవైపు ఉన్న పైన్ జాతి వృక్షాన్ని ఐసెన్‌హోవర్ చెట్టు అని పిలిచేవారు. అమెరికా అధ్యక్షుడుగా ఉన్న ఐసెన్‌హోవర్ తన బంతి పదేపదే దానికి తగులుతుండడంతో 1956లో క్లబ్ సమావేశంలో దాన్ని తొలగించమని ప్రతిపాదించగా, అధ్యక్షస్థానంలో ఉన్న క్లిఫర్డ్ రాబర్ట్స్ సమావేశాన్నే ముగించాడని ప్రసిద్ధి. దేశాధ్యక్షుడు తొలగించలేని ఆ చెట్టు 2014 ఫిబ్రవరిలో గడ్డకట్టే వానకు కొమ్మలు విరిగి తొలగింపుకు గురైంది. ఏడాది పొడవునా ఆకులుండే చెట్లపై మంచు పేరుకున్నప్పుడు కొమ్మల బరువు అనేక రెట్లు పెరగడమే ఇటువంటి నష్టానికి కారణం.

2023 ఏప్రిల్‌లో మాస్టర్స్ పోటీ జరుగుతుండగా పదిహేడవ హోల్ టీ సమీపంలో ప్రేక్షకుల మధ్య చెట్లు కూలాయి. అదృష్టవశాత్తు ఎవరికీ గాయాలు కాలేదు. 2024 సెప్టెంబరు చివర హెలీన్ హరికేన్ ఆగస్టా ప్రాంతాన్ని తాకింది. ఆట జరిగే నేలకు కలిగిన నష్టం స్వల్పమేనని, చెట్లు మాత్రం తగ్గాయని క్లబ్ అధ్యక్షుడు తరువాత వెల్లడించాడు. 2025 ఏప్రిల్‌లో పోటీ యథావిధిగా జరిగింది. గ్రీన్‌ల అడుగున గాలిని, తేమను లాగే యంత్రాలు సహా అపారమైన వనరులు గల సంస్థకు ఇది సాధ్యమైంది. ఆ వనరులు లేని మైదానాలు ముందుగానే ఆలోచించి చెట్లను ఎంచుకోవడం తప్ప మార్గం లేదు.

5.3. గాలిని తట్టుకొనే చెట్లు:

1992 నాటి ఆండ్రూ హరికేన్ మొదలుకొని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు తుఫానుల తరువాత పట్టణ చెట్లను పరిశీలించారు. వారి ఫలితాలలో ముఖ్యమైనవి: ఒంటరి చెట్ల కంటె గుంపుగా పెరిగిన చెట్లు ఎక్కువగా నిలుస్తాయి, క్రమబద్ధంగా కొమ్మలు కత్తిరించిన చెట్లకు నష్టం తక్కువ, వేళ్ళు విస్తరించడానికి తగినంత చోటు లేని చెట్లు తేలికగా కూలుతాయి, ఒకే గాలికి ఒక్కో జాతి ఒక్కో విధంగా స్పందిస్తుంది. లైవ్ ఓక్ నిలిచినచోట లారెల్ ఓక్ కూలడం ఇందుకు నిదర్శనం.

ఈ ఫలితాలను గోల్ఫ్ మైదానానికి అన్వయిస్తే ఒక చేదునిజం బయటపడుతుంది. ఫెయిర్‌వే పక్కన ఒంటి వరుసలో చెట్లు నాటడం, గడ్డి కోసం వాటి మొదళ్ళ వద్ద తరచు పలుచగా నీరు చల్లడం, వేళ్ళ మీదుగా బండ్లు నడపడం మైదానాలలో సాధారణం. ఇవన్నీ చెట్టు వేరును పైపైనే ఉంచి బలహీనపరిచేవే. వానకు నాని పట్టు సడలిన నేలలో అటువంటి చెట్టు వేళ్ళతో సహా కూలిపోతుంది.

6. పైన్‌హర్స్ట్: తగ్గించడమే సంరక్షణ:

నార్త్ కరొలైనాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 మైదానాన్ని డొనాల్డ్ రాస్ రూపొందించాడు. 1907లో అది ప్రారంభమైంది. ఇసుకనేల, పొడవాటి సూదులవంటి ఆకులు గల లాంగ్‌లీఫ్ పైన్ చెట్లు, వాటి కింద పెరిగే వైర్‌గ్రాస్ ఆ ప్రాంతపు సహజ భూదృశ్యం. కాలక్రమంలో స్ప్రింక్లర్ల సౌకర్యం పెరగడంతో ఆ సహజనేలను కూడా పచ్చగడ్డితో కప్పివేశారు.

2010–11లో బిల్ కూర్, బెన్ క్రెన్‌షా ఈ మైదానాన్ని పునరుద్ధరించారు. దాదాపు 35–40 ఎకరాల పెంపుడు గడ్డిని తొలగించి, ఇసుకను బయటపెట్టి, వైర్‌గ్రాస్ నాటారు. సుమారు 1,150గా ఉన్న స్ప్రింక్లర్లు 450కి తగ్గాయి. నీటి వాడకంతో పాటు కత్తిరింపు, ఎరువుల అవసరం కూడా ఆ మేరకు తగ్గింది. 2014 జూన్‌లో పురుషుల, మహిళల యు.ఎస్. ఓపెన్ పోటీలు వరుస వారాలలో అక్కడే జరిగాయి. గోధుమరంగుకు తిరిగిన ఆ మైదానాన్ని చూసి కొందరు ప్రేక్షకులు పెదవి విరిచినా, 2024లో యు.ఎస్. ఓపెన్ మళ్ళీ అక్కడికే వచ్చింది. పచ్చదనమే ఆరోగ్యమన్న భావన ఒక అలవాటేగాని వ్యవసాయశాస్త్ర సత్యం కాదని ఈ ప్రయోగం నిరూపించింది.

7. పిడుగు – ప్రాణరక్షణ:

ఇప్పటివరకు చర్చించిన నష్టాలు గడ్డికీ చెట్టుకూ సంబంధించినవి. పిడుగు విషయంలో ప్రమాదం మనిషికే. విశాలమైన తెరిపి నేల, అక్కడక్కడ ఒంటరి చెట్లు, చేతిలో లోహపు కర్రలు గల ఆటగాళ్ళు – గోల్ఫ్ మైదానం పిడుగుపాటుకు అనువైన స్థలం. 1991లో మినెసోటాలోని హేజెల్‌టైన్ మైదానంలో యు.ఎస్. ఓపెన్ జరుగుతుండగా, వానకు ఒక చెట్టు కింద చేరిన ఆరుగురు ప్రేక్షకులు పిడుగుపాటుకు గురికాగా ఒకరు మరణించారు. సురక్షితమైన ఆశ్రయం దగ్గరలో లేనప్పుడు మనిషి సహజంగా చెట్టునే ఆశ్రయిస్తాడు. కాబట్టి పిడుగురక్షణ గల గదులను ఎక్కడ కట్టాలి, హెచ్చరిక మోగిన తరువాత మైదానం చివరనున్న వ్యక్తి ఎంతసేపటిలో అక్కడికి చేరగలడు అన్నవి కూడా భూదృశ్య రూపకల్పనలో భాగం కావాలి.

8. తెలుగు ప్రాంతాలకు అన్వయం:

తెలుగు ప్రాంతాలలో గోల్ఫ్ మైదానాలు కొద్దివే. అయినా తీరాంధ్రలో తుఫానులు, తెలంగాణలో 45 డిగ్రీలను తాకే వేసవి ఎండలు, రాయలసీమలో వర్షాభావం ఉన్నందున పైన చర్చించిన సమస్యలన్నీ ఇక్కడ ఏదో ఒక రూపంలో ఎదురవుతాయి. 2014 అక్టోబర్ 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను నగరంలోని పచ్చదనాన్ని పెద్దయెత్తున నేలకూల్చింది. త్వరగా నీడనిస్తాయని, అందంగా పూస్తాయని మాత్రమే చెట్లను ఎంచుకోరాదని ఆ అనుభవం నేర్పింది. తుఫానుగాలిని ఓర్చే తాటిచెట్టు, గాలికి అడ్డుకట్టగా తీరప్రజలు గుంపుగా పెంచే సరుగుడు ఈ ప్రాంతపు అనుభవజ్ఞానంలో ఉన్నవే.

దక్కను రాతినేలలలో మట్టిపొర పలుచన. అక్కడ వాన కొద్దిసేపటిలోనే వాగై పారుతుంది. కొద్దిరోజులలోనే నేల ఎండిపోతుంది. అటువంటిచోట మైదానపు నీటిగుంటలు అలంకారంగా మాత్రమే గాక, మన గొలుసుకట్టు చెరువుల వలె పై నీటిని ఆపి, మిగులును కిందికి వదిలే ఏర్పాటుగా ఉండడం మేలు. పాత వాగుల దారులను పూడ్చి ఫెయిర్‌వేగా మారిస్తే, పెద్దవాన నాడు నీరు మళ్ళీ తన పాతదారినే వెతుక్కుంటుంది. తాగునీటికి కటకటలాడే ప్రాంతంలో మైదానమంతా పచ్చగా ఉంచాలనుకోవడం సామాజికంగా కూడా సమర్థనీయం కాదు. ఈ సందర్భంలో పైన్‌హర్స్ట్ చూపిన దారి ఇక్కడ మరింత అనుసరణీయం.

9. ముగింపు:

పై పరిశీలన నుండి తేలిన అంశాలను ఈ విధంగా క్రోడీకరించవచ్చు.

1. తీవ్ర వాతావరణం వల్ల మైదానానికి కలిగే నష్టంలో అధికభాగం నేల, నీటిదారి, గడ్డి, చెట్లకు సంబంధించిన పూర్వనిర్ణయాల ఫలితం.
2. డ్రైనేజీ కంటికి కనిపించకపోయినా వాననూ ఎండనూ తట్టుకొనే శక్తికి అదే ఆధారం.
3. స్థానిక వాతావరణానికి నప్పిన గడ్డి సంరక్షణ భారాన్ని తగ్గిస్తుంది. ఉష్ణప్రాంతాలకు గరిక జాతులు, ఉప్పు సమస్య ఉన్నచోట పాస్పాలం అనువైనవి.
4. చెట్టును నాటేటప్పుడే దాని జాతి, చోటు, వేరుకు దొరికే నేల, అది కూలితే కలిగే ప్రమాదం ఆలోచించాలి. నాటడం ఒక్కరోజు పని; దాని పర్యవసానం తరాలపాటు ఉంటుంది.
5. పెంపుడు గడ్డి విస్తీర్ణాన్ని తగ్గించడం నీటిని, ఖర్చును ఆదా చేస్తుంది. ఆట ప్రమాణానికి అది లోటు కాదు.
6. పిడుగు నుండి మనుషులను కాపాడే ఏర్పాట్లు మైదాన నమూనాలోనే చోటు చేసుకోవాలి.

గాలివాన వెలిసిన మరునాడు సంరక్షకుడు చేయగలిగింది కొంతే. కూలిన చెట్టును తొలగించగలడు, నిలిచిన నీటిని తోడగలడు, చచ్చిన గడ్డి స్థానంలో కొత్తగడ్డి వేయగలడు. అదే చోట అదే చెట్టును, అదే గడ్డిని తిరిగి నాటాలా, లేక నేల చెప్పిన మాట విని ఎంపికను మార్చుకోవాలా అన్న నిర్ణయం కూడా ఆనాడే తీసుకోవలసి ఉంటుంది. తరువాతి తుఫాను నాడు ఆ మైదానం ఎలా నిలుస్తుందన్నది ఆ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటుంది.